ఇస్తారి బావ పుట్టినరోజు సేమియా

జూలై ఒకటో తారీఖున పుట్టినవాళ్లందరూ ఒక్కరోజు డ్యూటీ మానేస్తే ఒమన్‌లో సగం బిల్డింగులు పునాదుల దగ్గరే ఆగిపోతాయి. నేనూ ఆ తారీఖువాడినే. మా అక్క సత్తవ్వ మొగుడు ఇస్తారి బావదీ అదే తారీఖు. లేబర్ క్యాంపులో మా జిల్లావాళ్లు ఎవరి రెసిడెంట్ కార్డు తిప్పి చూసినా అదే. జగిత్యాలలో పాస్‌పోర్టు చేయించిన ఏజెంటు మమ్మల్ని పుట్టినరోజు అడిగాడు, మేం తెల్లమొహం వేశాం, వాడు నోటికొచ్చింది రాసి పడేశాడు. మాకూ పట్టింపు లేదు. పుట్టినరోజులు చిన్నపిల్లలకూ లీడర్లకూ ఉంటాయిగానీ సెంట్రింగు పనివాళ్లకు ఎందుకు?

ఈ సంగతి ఎంత చెప్పినా తలకెక్కని మనిషి ఒకతే ఉంది. ఆమె పేరు నెనిటా.

నేను పనిచేసేది అల్ ఖౌద్‌లో, యూనివర్సిటీ నుంచి వచ్చే రోడ్డు పక్క సందులో ఉన్న ఫిలిప్పీన్ హోటల్లో. క్యాబేజీ, క్యారెట్ సన్నగా తరగడం, గిన్నెలు తోమడం, ఆవిరి పెట్టెల్లో సియోపావ్ బన్నులు పెట్టి తీయడం నా పని. వంట మొత్తం నెనిటాది. ఆమెను వచ్చినవాళ్లంతా ఆతె అంటారు. వాళ్ల భాషలో అక్క అన్నమాట. నాకన్నా పెద్దది కాబట్టి నేనూ ఆతె అనే పిలుస్తాను. ఆమెకూ నాకూ మధ్య నడిచేది గల్ఫ్ హిందీ. అందులో లింగాలూ వచనాలూ ఏవీ ఉండవు, కోపం మాత్రం బాగా పలుకుతుంది.

చేరిన కొత్తలో "ఇది చీనా హోటలా?" అని అడిగి తిట్లు తిన్నాను.

"చీనా ఎక్కడుంది ఇక్కడ?" అన్నది ఆతె. "ఇది మా ఇంటి తిండి. పొద్దున్నే మా వీధిలోకి తాహో అమ్మేవాడు కేకలు పెట్టుకుంటూ వస్తాడు. బడి వదిలితే సియోపావ్. పండగొస్తే కూర చుట్టి వేయించిన లుంపియా. చీనావాళ్లు ఎప్పుడో ఓడల్లో వచ్చి తెచ్చారు, నిజమే. ఆతె అనే మాట కూడా వాళ్లదేనంటారు. అయితే ఏమైంది? మా అమ్మ చేతి వంట అయిపోయాక అది మాదే."

"మా మిరపకాయ కూడా బయటి దేశం నుంచి వచ్చిందేనని మా బడి పంతులు చెప్పేవాడు," అన్నాను.

"అయితే తిరిగి ఇచ్చేస్తావా?"

"ప్రాణం పోయినా ఇవ్వను."

అప్పుడు నవ్వింది. ఆ రోజు నాకు ఒక గ్లాసు తాహో పోసి ఇచ్చింది. మెత్తటి వేడి సోయా పెరుగు, పైన బెల్లం పాకం, అందులో సగ్గుబియ్యం. సగ్గుబియ్యం కనబడేసరికి నాకు మా ఇల్లు గుర్తొచ్చి రెండో గ్లాసు కూడా అడిగాను. తిండి విషయంలో నాకు సిగ్గు తక్కువ.

బావ సీబ్ వైపు విల్లాల సైట్లో సెంట్రింగు మేస్త్రీ. శుక్రవారం సెలవైతే నన్ను చూసే వంకతో హోటల్‌కు వచ్చేవాడు. మొదటిసారి పాన్సిత్ అనే నూడుల్స్ పళ్లెం చూసి మొహం తిప్పుకున్నాడు. "గివేంది బామ్మర్దీ, ఎర్రలను నూనెల ఏంచిండ్రా?" అన్నాడు. ఎర్రలంటే మా దిక్కు వానపాములు. సియోపావ్‌ను మాత్రం మొదటి రోజే ఒప్పుకున్నాడు. తెల్లగా, మెత్తగా, అరచేతి నిండా ఉంటుంది, విరిస్తే లోపల తియ్యటి కోడికూర. "ఇడ్లీ కడుపుల కూర దాసిండ్రు. గీ తెలివి మనోళ్లకు రాలే సూడు," అని ఒకదాని మీద ఒకటి తిన్నాడు.

శుక్రవారాల్లో ఆ హోటల్లో ఎవరిదో ఒకరి పుట్టినరోజు ఉంటుంది. నర్సులు, సెలూన్‌లో పనిచేసే ఆడవాళ్లు, డ్రైవర్లు గుంపుగా వచ్చి పెద్ద గుండ్రటి పళ్లెం నిండా పాన్సిత్ చెప్పుకుంటారు. కేకు లేకపోయినా ఫర్వాలేదు, పాన్సిత్ లేకుంటే పుట్టినరోజు జరగనట్టే. ఆ పోగులను కత్తితో కోయకూడదు, గరిటెతో తుంచకూడదు. పోగు ఎంత పొడుగుంటే ఆయుష్షు అంత పొడుగు. ఇదీ చీనావాళ్ల నమ్మకమే, ఇప్పుడు వీళ్లది. నేను కలిపేటప్పుడు రెండు మూడు పోగులు తెగితే ఆతె నా చేతి మీద గరిటెతో ఒక్కటి వేసేది.

ఒక జూలై ఒకటిన బావ కార్డు బల్ల మీద పడి ఉంటే ఆతె చూసింది. "ఇవాళ నీ బర్త్‌డేనా? చెప్పవా మరి?" అంటూ లోపలికి పరుగెత్తి పాన్సిత్ తెచ్చింది. నాదీ ఇవాళే అన్నాను. బావ వెంట వచ్చిన మరో ఇద్దరూ మాదీ ఇవాళే అన్నారు. ఆతె మా నలుగురినీ అనుమానంగా చూసింది. "మీ ఊరి తల్లులంతా మాట్లాడుకుని ఒకే రోజు కన్నారా?" అని అడిగింది. అది ఏజెంటు రాసిన దొంగ తారీఖని ఎంత చెప్పినా వినలేదు. సర్కారు కార్డు మీద అబద్ధం ఎలా ఉంటుందని వాదించింది. అప్పటినుంచి ప్రతి జూలై ఒకటిన మా కోసం ఒక పళ్లెం పాన్సిత్ తప్పేది కాదు.

నేను తినేసి గిన్నెలు కడుక్కునేవాడిని. బావ అలా కాదు. ఆ రోజుకు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చేవాడు. నర్సులు చప్పట్లు కొట్టి పాట పాడుతుంటే తల వంచుకుని కూర్చునేవాడు. "నా జన్మల నా పేరు మీద ఎవ్వలు పాట పాడలే బామ్మర్దీ," అన్నాడు ఒకసారి. ఎర్రలన్న మనిషి పోగును తెగకుండా పీల్చడం నర్సుల కంటే బాగా నేర్చుకున్నాడు.

ఈ ఏడాది ఎండలు ముదరక ముందే బావకు చపాతీ గొంతులో ఆగడం మొదలైంది. తర్వాత అన్నం. తర్వాత గంజి తప్ప ఏదీ దిగలేదు. పెద్దాసుపత్రిలో పరీక్షలన్నీ అయ్యాక మలయాళీ డాక్టరు నన్ను పక్కకు పిలిచి కూర్చోబెట్టాడు. ఆహారం దిగే గొట్టంలో క్యాన్సర్, కాలేయానికి కూడా పాకింది. లోపల చిన్న గొట్టం వేశాం, పలచటివి దిగుతాయి, ఇంతకంటే చేసేదేమీ లేదు అన్నాడు. "ఇప్పుడైతే కూర్చుని విమానంలో పోగలడు. తొందరగా ఇంటికి పంపించండి. తర్వాత ఇది కూడా కుదరదు," అన్నాడు.

నేను బావకు ఏదీ దాచలేదు. దాచడం నాకు చేతకాదు, అడిగితే చెప్పేశాను. ఆయన ఈ ఏడాదితో గల్ఫ్ చాలించి ఇంటికి పోదామనుకున్నాడు. పెళ్లయినప్పటి నుంచి అక్కతో కలిసి ఉన్న రోజులన్నీ సెలవుల రోజులే. "సత్తవ్వతోని ఓ పదేండ్లన్న ఒక్క ఇంట్ల ఉంటననుకున్న," అన్నాడు. ఆయన ఏడవలేదు. నేనే బాత్‌రూమ్‌లోకి పోయి ఏడ్చి వచ్చాను.

ఆ తర్వాత కొన్ని రోజులకు బావకు ఈ ఆలోచన పుట్టింది.

"బామ్మర్దీ, నేను ఇన్నేండ్లు దొంగ తారీఖుల సేమియా తిన్న," అన్నాడు. పాన్సిత్ అనే మాట ఆయన నోట ఎప్పుడూ రాలేదు. "నా పుట్టినరోజు కాకపాయె, నాకెట్ల పారుతది? ఆ ఆయుష్షంత ఎవనికో పోయింది. నా అసలు తారీఖు దొరకవట్టాలె. ఆ దినం ఆతె చేత్తోని తినాలె." పారడమంటే మా దిక్కు ఫలించడం.

నాకు నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది. ఆయన మొహం చూస్తే రెండూ చల్లారిపోయాయి. గంజి గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, తారీఖు దొరికితే తాను బతుకుతానన్నంత గట్టిగా నన్ను చూస్తున్నాడు. మునిగేవాడికి గడ్డిపోచ దొరికితే వద్దనడానికి నేనెవణ్ని?

అక్కకు ఫోన్ చేశాం. బావ తల్లిదండ్రులు ఎప్పుడో పోయారు. మిగిలింది ముసలి మేనత్త ఒక్కతే. అక్క ఆమె మంచం దగ్గరికి పోయి ఫోన్ చెవి దగ్గర పెట్టింది.

"నువ్వు పుట్టింది పీర్ల పండుగ నాడు," అన్నది మేనత్త అరుస్తూ. "పీర్లు లేసి ఊర్ల తిరుగుతున్నయ్. బయట డప్పులు, లోపట మీ అవ్వకు నొప్పులు. ఎవ్వలకు ఎవ్వల మాట ఇనవడలే. మంచి చలి. మంచం కింద కుంపటి పెట్టినం."

ఏ ఏడాది అంటే ఆమెకు తెలియదు. బావ మాత్రం చాలన్నాడు. నన్ను వెంటబెట్టుకుని హోటల్ పక్కనున్న బకాలా కొట్టుకు నడిచాడు. ఆ కొట్టు నడిపే ఖమరుద్దీన్ భాయ్‌ది కోరుట్ల. బియ్యం, చింతపండు, ఫోన్ కార్డులు అమ్ముతూ మా వాళ్లందరి కష్టసుఖాలు వింటూ ఉంటాడు. పీర్ల పండుగ అంటే మొహర్రం పదో రోజు. అది ఇంగ్లీషు తారీఖుల్లో ఏటా వెనక్కి జరుగుతుంది. ఖమరుద్దీన్ భాయ్ కళ్లజోడు పెట్టుకుని, ఫోన్‌లో పాత క్యాలెండర్లు తీసి, బావ వయసు అటూ ఇటూ వేసి చూశాడు.

"చలికాలమంటే డిసెంబర్ల పడుతది," అన్నాడు.

డిసెంబరు దాకా బావ ఉండడు. అది నాకు తెలుసు, బావకు తెలుసు, మా మొహాలు చూసి ఖమరుద్దీన్ భాయ్‌కీ అర్థమైంది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"అరె, ఇంగ్లీషు లెక్క ఎందుకు మనకు? పీర్లతోని పుట్టినోనికి పీర్ల లెక్కనే పెట్టాలె. మొహర్రం పది ఎప్పుడొస్తదో అప్పుడే ఇస్తారి పుట్టినరోజు. ఇగ సూడు, వచ్చే నెలలనే ఉన్నది."

బావ మొహం విప్పారింది. ఖమరుద్దీన్ భాయ్ చెయ్యి పట్టుకుని వదల్లేదు. నాకూ ఆ క్షణాన ఆ పెద్దమనిషి కాళ్లకు మొక్కాలనిపించింది. ఎంత తెలివిగా దారి చూపాడు అనుకున్నాను.

ఆతెకు చెప్తే ఆమె ఏమీ వాదించలేదు. పాన్సిత్ వద్దు, ఆయనకు దిగదు, మిసువా చేస్తానంది. అది వెంట్రుక అంత సన్నగా ఉండే తెల్లటి గోధుమ సేమియా. మనీలాలో చీనావాళ్ల పేటలో పుట్టినరోజు పొద్దున చేసేది అదేనట, వాళ్లను చూసి ఆతె వాళ్లమ్మా చేసేదట. పలచటి కోడి చారులో వేస్తే నీళ్లలా జారిపోతుంది, చిన్నపిల్లలూ ముసలివాళ్లూ మింగుతారు అన్నది. ఎర్రకాగితం చుట్టిన కట్టలు రూయీ బజారులో దొరుకుతాయి, తెప్పిస్తానంది.

అంతలో బావ కంపెనీ టికెట్ తెచ్చింది. జూన్ ఆఖరువారంలో. పీర్ల పండుగ కన్నా ముందు.

క్యాంప్ బాస్ వచ్చి వీల్‌చైర్ కూడా రాయించానని చెప్పి పోయాడు. నేను సంతోషంతో అక్కకు ఫోన్ చేయబోయాను. బావ నా చెయ్యి పట్టుకున్నాడు.

"పండుగ అయినంక పోత," అన్నాడు.

ఆ మధ్యాహ్నం రద్దీ తగ్గాక హోటల్లో కూర్చున్నాం. నేను ముందు మెల్లగా చెప్పాను. డాక్టరు ఏమన్నాడో మళ్లీ చెప్పాను. ఆ సేమియా కట్టలు నీ సంచిలో పెడతాను, పండుగనాడు అక్క ఉడకబెట్టి ఇస్తుంది, మీ ఇంట్లో కూర్చుని తిను అన్నాను. ఆతెను అడిగితే సరేనంది, ఎలా చేయాలో ఫోన్‌లో చూపిస్తానంది. బావ తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు.

"ఇమానంల పొయ్యి, బండిల పొయ్యి, ఇంట్ల పండుకున్ననంటే నేను మళ్ల లేవ. అందరు నన్ను సూడవస్తరు. ఏడుస్తరు. నేను సచ్చుడుకు వచ్చిన్నని వాళ్లకు తెలుసు. గాళ్ల నడుమ సేమియా తింటే నాకు పారుతదా? ఇక్కడ తిని, మంచిగై, నా కాళ్ల మీద నేను నడుసుకుంట పోత. సత్తవ్వ ముంగట వీల్‌చైర్ల దిగ."

"బావా, నువ్వు మంచిగ కావు," అన్నాను. అనేశాను. "ఏ సేమియా తిన్నా కావు. ఇప్పుడు పోతే అక్కను సూస్తవ్. పోకుంటే సూడవు. గంతే ఉన్నది లెక్క."

ఆయన నొచ్చుకోలేదు. చిన్నపిల్లవాడితో మాట్లాడినట్టు "నీకు తెల్వదు తియ్యి," అన్నాడు.

నా కోపం ఆతె మీదికి తిరిగింది. నీ పోగులూ నీ ఆయుష్షులూ నా బావ ప్రాణం మీదికి తెచ్చాయి అని అరిచాను.

"నేను ఉండమనలేదు," అన్నది ఆతె.

"పొమ్మనీ అనలేదు కదా!"

ఆతె కళ్లు తుడుచుకుంది. "మా అమ్మ పోయినప్పుడు నేను ఇక్కడే ఉన్నాను. ఆమె చివరి పుట్టినరోజుకు మిసువా వండడానికి పోలేకపోయాను. ఇతన్ని నేనెలా పొమ్మంటాను, ఎలా ఉండమంటాను?" అని లోపలికి పోయింది.

ఆఖరికి అక్కకే ఫోన్ చేశాను. ఆమె గట్టిగా రమ్మంటే వస్తాడు, ఆమె మాట ఆయన ఎన్నడూ దాటలేదు. సంగతంతా చెప్పాను.

"ఉండనియ్యి తమ్మీ," అన్నది. "ఇన్నేండ్లు ఆగిన. ఇంకిన్ని దినాలు ఆగనా? తినే రానియ్యి. ఏమో, పారుతదేమో."

అక్కకూ అదే ఆశ. ఊళ్లో కూర్చుని, ఎన్నడూ చూడని ఫిలిప్పీన్ మనిషి చేతి సేమియా మీద ఆమె కూడా ప్రాణం పెట్టుకుంది. క్యాంప్ బాస్ తిట్టిన తిట్లన్నీ పడి, కాళ్లావేళ్లా పడి, పండుగ అయిన మూడో రోజుకు టికెట్ మార్పించాను.

జూలై ఒకటి వచ్చింది. ఆతె మా కోసం పాన్సిత్ చేయలేదు. మేమూ అడగలేదు. బావ రోజురోజుకూ సన్నబడుతున్నాడు. రూమ్ నుంచి బాత్‌రూమ్‌కు గోడ పట్టుకుని నడిచేవాడు. రోజూ నన్ను అడిగే మాట ఒక్కటే, పండుగ ఇంకెన్ని దినాలుందని.

పండుగ రోజు పొద్దున్నే టాక్సీలో తీసుకొచ్చాను. ఇస్త్రీ చొక్కా ఆయన ఒంటి మీద వేలాడుతోంది. ఆతె ముందురోజే కోడి ఎముకలు మరిగించి, గుడ్డలో వడకట్టి, చారును అద్దంలా తేర్చి ఉంచింది. మిసువాను అందులో వేసి రెండు పొంగులు రానిచ్చి దించింది. పక్కన రెండు ఉడికించిన గుడ్లు పెట్టింది. గుడ్లు తినలేడని ఆమెకు తెలుసు, కానీ ఆ గిన్నె పక్కన గుడ్లు ఉండాలట. ఖమరుద్దీన్ భాయ్ ఆ రోజు పంచే షర్బత్ చెంబుతో వచ్చాడు. డ్యూటీ దిగిన నర్సులు నలుగురు ఆగిపోయారు.

బావ ఒక్కొక్క పోగు తీసుకున్నాడు. పెదాల మధ్య పెట్టి, కళ్లు మూసుకుని, మెల్లగా లోపలికి లాగి, తల కొంచెం పైకెత్తి మింగేవాడు. దిగేదాకా మేమంతా ఆయన గొంతునే చూసేవాళ్లం. దిగగానే ఆయన చెయ్యి ఎత్తి దిగిందన్నట్టు చూపేవాడు. నర్సులు పాట పాడారు. సగంలో చెమటలు పట్టి ఆగాడు. చాలు బావా అన్నాను. చాలదన్నాడు. గిన్నెలో ఒక్క పోగు మిగల్చలేదు. చారు కూడా తాగి, షర్బత్ రెండు గుక్కలు తాగి, కుర్చీకి చేరబడి మా ఊరి పీర్ల పాట సన్నగా కూనిరాగం తీశాడు. ఖమరుద్దీన్ భాయ్ బల్ల మీద వేళ్లతో డప్పు వేశాడు.

ఆయన మొహంలో రంగు వచ్చింది. నిజంగా వచ్చింది. "కడుపుల చల్లగున్నది బామ్మర్దీ. ఎన్ని దినాలాయె గిట్ల నిండి!" అన్నాడు. ఆ పూట నేను కూడా నమ్మాను. ఆతె వంటగదిలో సిలువ గుర్తు వేసుకుంటుంటే నేను కూడా మా మల్లన్నకు మొక్కాను. అక్కకు వీడియో పెట్టి ఖాళీ గిన్నె చూపించాం. అక్క నవ్వింది. బావ కూడా నవ్వాడు. "ఎల్లుండి కాదు, అవతలెల్లుండి నీ ముంగట ఉంట. కోడిని కొయ్యి, నేను తినకున్న నువ్వు తిందువు," అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం రూమ్‌లో రక్తం కక్కాడు.

నేను పోయేసరికి అంబులెన్స్‌లో ఎక్కిస్తున్నారు. బకెట్‌లో ఎర్రటి నీళ్లు, అందులో తెల్లటి పోగులు. ఒక్కటీ తెగలేదు. బావ నా చొక్కా పట్టుకున్నాడు. "సేమియా బయటికి రాలే గద?" అన్నాడు.

"రాలే బావా," అన్నాను. దాచడం చేతకాదన్న నేనే దాచాను.

ఆసుపత్రిలో మలయాళీ డాక్టరు నన్ను చూసి తిట్టలేదు. తిట్టినా బాగుండేది. విమానం కంపెనీవాళ్లకు డాక్టరు సంతకం కావాలి, ప్రయాణం చేయగలడని. ఆయన సంతకం పెట్టనన్నాడు. కాళ్లు పట్టుకోబోయాను. దారిలోనే పోతాడు, నేను పెట్టలేను అన్నాడు. మార్పించిన టికెట్ రోజు విమానం వెళ్లిపోయింది. ఆ రోజంతా అక్క ఫోన్ చేస్తూనే ఉంది. నేను ఎత్తలేదు. సాయంత్రం ఎత్తి చెప్పాను. "నడుసుకుంట వస్తనన్నడు గదరా," అన్నది.

బావ ఇంకా కొన్ని రోజులు ఉన్నాడు. మాట చాలావరకు పోయింది. ఆతె డ్యూటీ అయ్యాక రోజూ వచ్చి మంచం పక్కన కూర్చునేది. అక్కతో వీడియోలో మాట్లాడించబోతే మొహం అటు తిప్పుకునేవాడు. ముక్కులో గొట్టాలతో ఆమెకు కనబడడం ఇష్టం లేదు. ఫోన్ చెవి దగ్గర పెడితే మాత్రం వినేవాడు. అక్క అటునుంచి పొలం సంగతి, వాన సంగతి చెప్పేది. ఒక పొద్దున ఆమె చెబుతూ ఉండగానే పోయాడు. నర్సు వచ్చి చెయ్యి పట్టుకుని చూసి తల ఊపింది. ఫోన్‌లో అక్క నాట్లకు మనుషులు దొరకడం లేదని ఇంకా చెబుతూనే ఉంది.

బావను పెట్టెలో ఇంటికి పంపించాం. నాకు లీవు రాలేదు, కార్డు రెన్యువల్‌లో ఉంది. ఆతెతో నేను చాలా రోజులు మాట్లాడలేదు. ఆమె తప్పు లేదని తెలిసీ మాట్లాడలేదు. ఆమె కూడా ఏమీ అనకుండా నా ముందు క్యాబేజీలు పెట్టి పోయేది.

పిట్టకు పెట్టే రోజు నేను డ్యూటీలో ఉన్నాను. చనిపోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి, విస్తట్లో పెట్టి, కాకి ముట్టేదాకా దూరంగా నిలబడతారు మా దిక్కు. కాకి ముడితే పోయినవాళ్ల ప్రాణం తృప్తి పడినట్టు. సియోపావ్‌లు ఆవిరి మీద పెడుతుండగా అక్క ఫోన్ వచ్చింది. అటువైపు గాలి, పక్కన ఎవరో పెద్దవాళ్ల గొంతులు.

"తమ్మీ, పిట్ట ముడ్తలేదు," అన్నది. "ఎంతసేపాయె నిలవడి. కోడి పెట్టిన, కల్లు పెట్టిన, బీడీ పెట్టిన. ఆతె వండినట్టు సేమియా సుత వండి పెట్టిన. చెట్టు మీద రెండున్నయ్, కిందికి దిగుతలేవు."

"జరసేపు సూడు అక్కా."

"నువ్వే గద కడదాక దగ్గరున్నోనివి. అందరు నన్ను అడుగుతుండ్రు. నాకేం తెలుస్తది? ఆయన పాణం దేని మీదున్నదో చెప్పు, తెప్పించి పెడ్త."

ఆవిరి మొహం మీదికి కొడుతోంది. ఆతె వచ్చి స్టవ్ ఆపి నన్నే చూస్తూ నిలబడింది.

"నీ మీదనే అక్కా," అన్నాను. "ఇంక దేని మీద లేకుండె."

విస్తరి వైపు అక్క నడుస్తున్నట్టు ఎండుగడ్డి చప్పుడు వినిపించింది. వెనక నుంచి ఎవరో, దగ్గరికి పోవద్దు, పోతే అసలే దిగదు అని అరుస్తున్నారు.

"నేనీడనే ఉన్న గద," అంటోంది అక్క. నాతో కాదు. "ఏడికి పోలే. ఈడనే ఉన్న. రా."

ఫోన్ పట్టుకుని అలాగే నిలబడ్డాను. అక్క పిలుస్తూనే ఉంది. కాకి దిగలేదు.